బోర్డు ధర, సాయంత్రం ధర: విశాఖ రైతు బజారులో మా ఇంటి లెక్క

మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. నేను, మా ఆయన, అత్తయ్య, ఎంత వండినా ఇంకొంచెం ఉందా అని అడిగే వయసులో ఇద్దరు పిల్లలు. ఆయన ఆటో నడుపుతారు, నేను ఒక చిన్న దుకాణంలో లెక్కలు రాస్తాను. గ్యాస్ బండ ఖర్చు పక్కన పెట్టి, తిండికి నెలకు 8,000 రూపాయలు దాటకూడదని కిందటి ఆగస్టులో ఒక గీత గీసుకున్నాం. ఆ గీత లోపల ఉండడానికి మేము ఎక్కువగా ఆధారపడినది రైతు బజారు మీద. ఇన్ని నెలలు ప్రతి రూపాయినీ పుస్తకంలో రాసిన తర్వాత, రైతు బజారు నిజంగా ఎంత చవక, ఎవరికి చవక, ఏ వేళకు చవక అన్నది కొంత ధైర్యంగా చెప్పగలననిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

విశాఖలో రైతు బజార్లకు కొరత లేదు. ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, నరసింహనగర్, మర్రిపాలెం, గోపాలపట్నం, పెందుర్తి, ఇలా నగరంలో ఏ మూల ఉన్నవారికైనా ఒకటి అందుబాటులో ఉంటుంది. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు మొదలైనప్పుడు చెప్పిన ఉద్దేశం ఒక్కటే: పండించినవాడికీ వండుకునేవాడికీ మధ్య దళారి ఉండకూడదు, అతనికి పోయే సొమ్ము ఆ ఇద్దరికీ పంచుకు రావాలి. అందుకే గుర్తింపు కార్డు ఉన్న రైతుకు అక్కడ అద్దె లేకుండా చోటిస్తారు. టోకు ధర, బయట చిల్లర ధర రెండూ చూసి, వాటి మధ్య ఎక్కడో ఒకచోట బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు ప్రతిరోజూ కూరగాయల ధర నిర్ణయించి బోర్డు మీద రాయిస్తారు. ఆ రోజుకు ఆ బజారులో దానికి మించి అమ్మకూడదు.

ఆ బోర్డు ముందు నిలబడి పైనుంచి కింది వరకు చదివే అలవాటు నాకు రెండు నెలల తర్వాత గాని అబ్బలేదు. మొదట్లో నేనూ అందరిలాగే ఇంటి దగ్గరే జాబితా రాసుకుని వెళ్ళేదాన్ని. బెండకాయ కిలో, దొండకాయ అరకిలో, బంగాళాదుంప రెండు కిలోలు అని రాసుకుని వెళ్తే, ఆ రోజు బెండకాయ ఎంత ఉంటే అంత ఇచ్చి కొనుక్కురావలసిందే. అప్పుడు నాకు బయటి బండికీ రైతు బజారుకీ ఉన్న తేడా కిలోకు ఐదారు రూపాయలుగా మాత్రమే కనిపించేది, ఆ ఐదారు రూపాయలూ రానుపోను ఆటోకే సరిపోయేవి. జాబితా మానేసి, బోర్డులో అన్నిటికంటే దిగువ ధర ఉన్న నాలుగు కూరలను గుర్తుపెట్టుకుని, ఆ నాలుగింటితోనే ఆ వారం వంట ఏం చేయాలో అక్కడే నిలబడి ఆలోచించుకోవడం మొదలుపెట్టాకే లెక్క మారింది. వీధి చివరి దుకాణంలోనూ తోపుడు బండి మీదా కొన్నప్పుడు కూరగాయలకు, ఆకుకూరలకు నెలకు 2,400 వరకు అయ్యేది. ఇప్పుడు 1,750కి అటూ ఇటూగా ఉంటోంది. అంటే ఐదుగురికి రోజుకు 58 రూపాయల కూర. ఈ తేడాలో సగానికి పైగా ఆ జాబితా మానడం వల్ల వచ్చిందేనని నా నమ్మకం. బజారు నుంచి వచ్చినది మిగతా సగమే.

ఇక్కడ ప్రయాణం మాట చెప్పకపోతే లెక్క తప్పవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. మా ఇంటి నుంచి బజారుకు నడిచే దూరం కాదు కాబట్టి, ఈ పథకం రాకముందు రైతు బజారు మాకు ఆదివారం సరదాగా మాత్రమే ఉండేది. ఇప్పుడు వారానికి రెండుసార్లు, అదీ వేర్వేరు వేళల్లో వెళ్ళగలుగుతున్నాను. నడిచి వెళ్ళేంత దగ్గరలో లేనివారు, పైగా సొంత బండి మీద వెళ్ళేవారు, పెట్రోలు ఖర్చు కలుపుకుని చూసుకోకుండా రైతు బజారు చవక అనకూడదు. రెండు రకాల కూరల కోసం ఆరు కిలోమీటర్లు వెళ్ళి వచ్చేకంటే వీధిలో బండివాడి దగ్గర కొనడమే లాభం.

వేర్వేరు వేళలు అన్నాను కదా, ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం అదే. బోర్డు మీద వంకాయకు ఒకే ధర ఉంటుంది. నిగనిగలాడుతూ తొడిమ పచ్చగా ఉన్న వంకాయకూ అదే ధర, మూడో రోజుకు మెత్తబడబోతున్న వంకాయకూ అదే ధర. రకాన్ని బట్టి ధర ఉంటుంది గాని నాణ్యతను బట్టి ఉండదు. కాబట్టి ఉదయం ఆరున్నరకు వెళ్ళినవారు బోర్డు ధరకే మంచి సరుకు ఏరుకుంటారు, పదింటికి వెళ్ళినవారు అదే ధర ఇచ్చి ఏరగా మిగిలినది తెచ్చుకుంటారు. రైతు బజారులో అన్నిటికంటే నష్టపోయేది ఆదివారం టిఫిను తిని, తీరిగ్గా పదిన్నరకు వచ్చే కుటుంబాలే అని నేను నొక్కి చెప్పగలను. సాయంత్రం ఏడు దాటాక పరిస్థితి తిరగబడుతుంది. బోర్డు ధర పైకి మాత్రమే హద్దు, కిందికి కాదు. తెచ్చిన సరుకు తిరిగి మోసుకుపోలేని రైతు ఆ వేళకు బోర్డును చూడడం మానేస్తాడు.

అందుకని నేను కొనుగోలును రెండుగా విడదీశాను. నిలవ ఉండేవి ఉదయం కొంటాను: ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కంద, చామదుంపలు, గుమ్మడికాయ, దోసకాయలు. ఇవి వారం పది రోజులు ఉండవలసినవి కాబట్టి దెబ్బ తగిలినది ఒక్కటి వచ్చినా పక్కదాన్ని పాడుచేస్తుంది, అందుకే ఏరుకునే అవకాశం విలువైనది. ఆ రాత్రికీ మర్నాటికీ అయిపోయేవి సాయంత్రం కొంటాను: తోటకూర, బచ్చలి, చుక్కకూర, టమాటా, వంకాయ. వాడుతున్న తోటకూర కట్టకు ఉదయపు ధర ఇవ్వడంలో అర్థం లేదు, పప్పులో వేశాక ఆకు వాడిన సంగతి ఎవరికీ కనపడదు.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. భీమిలి వైపు పల్లె నుంచి వచ్చే ఒక ముసలావిడ గోనెసంచి మీద కూర్చుంటారు. మెడలో తాడుకు గుర్తింపు కార్డు, ముందు నాలుగే రకాలు: ఆనపకాయలు, బీరకాయలు, బచ్చలి తీగలు, ఒక మూల కాసిని పచ్చిమిరపకాయలు. ఆ రోజు ఆమె దగ్గర పెద్ద ఆనపకాయలు మూడు మిగిలాయి. నేను ఒకటి చేతిలోకి తీసుకుని గోరు గుచ్చబోతుంటే, "గోరు ఎట్టీకమ్మా, లేతదే. మూడూ ముప్ఫైకి అట్టుకెల్లిపో, నాకు బస్సెల్లిపోద్ది" అన్నారు. మూడు ఏం చేసుకుంటాను మామ్మా, రెండు చాలంటే, "రెండెత్తుకెల్తే ఆ ఒక్కదాన్నీ నానేటి సేసుకోను?" అని మూడోదాన్ని తానే నా సంచిలో పెట్టేశారు. ఉదయం ఒక్క కాయ ధరకు కాస్త ఎక్కువలో మూడు వచ్చాయి. ఇంతకంటే తగ్గించమని అడగడం నా వల్ల కాలేదు, అడగకూడదు కూడా అనుకుంటాను. మా అత్తయ్య మాత్రం పాతికకు ఇచ్చేదే అంటారు.

తెచ్చిన మూడు ఆనపకాయలతో వారమంతా ఇంట్లో విసుగు పుట్టకుండా చూసుకోవడం వేరే విద్య. మొదటి రోజు పెద్ద ముక్కలు కోసి, బెండకాయలు నాలుగు కలిపి, చింతపండు రసంలో అనకాపల్లి బెల్లం వేసి బెల్లం పులుసు. చివర కాస్త బియ్యప్పిండి కలిపి పోస్తే చిక్కబడి, పప్పు లేని రోజున పప్పు లోటు తెలియనివ్వదు. మర్నాడు సన్నగా తరిగి నువ్వుపొడి చల్లిన కూర. తీసిన చెక్కు పారవేయకుండా నూనెలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, నువ్వులతో నూరితే రెండు పూటల పచ్చడి. ఆఖరి కాయను కోరి, బియ్యప్పిండిలో కలిపి, ఉల్లి, జీలకర్ర వేసి మూకుడులో రొట్టె కాలుస్తాను. పిల్లలు కూరలో ఆనపకాయను పక్కకు తోస్తారు గాని రొట్టెలో ఉన్నది గుర్తుపట్టరు. బీరకాయ పొట్టుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. బీరపొట్టు పచ్చడి కోసమే బీరకాయలు కొనే ఇళ్ళు విశాఖలో ఉన్నాయి. అయితే బీరకాయ చివర కాస్త కొరికి రుచి చూడకుండా ఎప్పుడూ గిన్నెలో వేయకండి. ఒక్క చేదు కాయ పడితే కూరంతా పారబోయాల్సిందే, అప్పుడు చవక మాట దేవుడెరుగు.

బజారులో కూర్చున్నవారందరూ రైతులేనా అన్న అనుమానం అందరికీ ఉన్నదే. ఉల్లి, బంగాళాదుంప మన చుట్టుపక్కల పండేవి కావు కాబట్టి వాటిని స్వయం సహాయక సంఘాల మహిళలు అమ్ముతారు, అది నియమంలో భాగమే. దాని సంగతి నేను అనడం లేదు. ఒకే దుకాణంలో ఇరవై రకాలు, అన్నీ ఒకే పరిమాణంలో, క్యారెట్, క్యాప్సికం, కాలీఫ్లవర్‌తో సహా పేర్చి ఉంటే అది ఒక కుటుంబం పొలంలో పండినది కాదని చెప్పడానికి కార్డు చూడనవసరం లేదు. రైతు దగ్గర మూడు నాలుగు రకాలే ఉంటాయి, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, బీరకాయ వంకరగా ఉంటుంది, కట్టల వేర్లకు మట్టి ఉంటుంది. సాయంత్రం ధర తగ్గించేది కూడా వీళ్ళే. ఇరవై రకాల దుకాణంలో మిగిలినది మర్నాడు ఉదయం నీళ్ళు చల్లుకుని మళ్ళీ పైవరుసకు వస్తుంది. అక్కడ కొనవద్దని అనను, బోర్డు ధర వాళ్ళకూ వర్తిస్తుంది కదా. కాని రైతు బజారులో కొన్నాను కాబట్టి తాజాగా ఉండి తీరుతుందన్న భరోసా మాత్రం పెట్టుకోవద్దు.

తూకం గురించి ఒక మాట. నగరంలో ఒక తోపుడు బండి దగ్గర కిలో దొండకాయలు కొని, ఇంట్లో అత్తయ్య చిన్న కాటా మీద పెడితే 880 గ్రాములు తూగాయి. ఆ మర్నాడు అదే బండి దగ్గర నిలబడి గమనించాను. మోసం కాటాలో లేదు, కూర వేసే ప్లాస్టిక్ బేసిన్‌లో ఉంది. ఖాళీ బేసిన్ పెట్టి సున్నా చేయకుండా నేరుగా కూరతో పాటు తూచేస్తున్నాడు. అప్పటి నుంచి ఎక్కడ కొన్నా, రైతు బజారులో అయినా సరే, ముందు ఖాళీ బేసిన్ పెట్టించి అంకె సున్నా చూసిన తర్వాతే కూర వేయమంటాను. మొహం చిట్లించుకునేవాళ్ళు ఉంటారు. కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర, దాని గడువు కూడా చూడవచ్చు. రద్దీలో అది చూసే ఓపిక ఎవరికీ ఉండదు గాని సున్నా చూడడానికి ఒక్క క్షణం చాలు.

ధరలు మండిపోయినప్పుడు రైతు బజార్ల అసలు ప్రయోజనం తెలుస్తుంది. 2019 చివర్లో ఉల్లి కొండెక్కినప్పుడు ప్రభుత్వం ఈ బజార్లలోనే కిలో 25 రూపాయలకు అమ్మించింది. 2023 జులైలో బయట టమాటా కిలో వంద దాటిపోతే ఇక్కడ 50కి ఇచ్చారు. 2024 జులైలో కందిపప్పు కిలో 160కి, బియ్యం 48, 49కి అమ్మే ప్రత్యేక కౌంటర్లు తెరిచారు. ఇవన్నీ మంచివే గాని, ఆ వరుసల్లో గంటన్నర నిలబడి కిలో ఉల్లి తెచ్చుకునే ఓపిక రోజుకూలికి వెళ్ళేవారికి ఉండదు, ఆ గంటన్నరలో పోయే కూలి ఉల్లిలో మిగిలిన దానికంటే ఎక్కువ. ఉల్లి ధర పెరిగినప్పుడు మేము చేసేది మరొకటి: ఉల్లి అక్కరలేని వంటలకు మారిపోవడం. ఆవ పెట్టిన కంద బచ్చలి, పప్పుచారు, మజ్జిగ పులుసు, కొబ్బరి వేసిన చిక్కుడు, వీటిలో ఉల్లి వేయకపోతే పోయేదేమీ లేదు.

పప్పులు మాత్రం రైతు బజారులో కంటే బయట టోకు దుకాణాల్లోనే కొంటాను. పప్పులకు నెలకు 1,150 అవుతోంది, మా పుస్తకంలో కూరల తర్వాత పెద్ద పద్దు ఇదే. కందిపప్పు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇది పదిహేను వందలు దాటుతుంది. అందుకని వారంలో రెండు రోజులే కంది, మిగతా రోజుల్లో పెసరపప్పు, శనగపప్పు, ఒక పూట ఉలవలు. కందిపప్పులో సగం పెసరపప్పు కలిపి ఉడికిస్తే తోటకూర పప్పులో తేడా తెలియదు, పైగా త్వరగా ఉడుకుతుంది కాబట్టి గ్యాస్ కూడా కలిసొస్తుంది. ఉలవలు రాత్రి నానబెట్టి ఉడికించి, కట్టు చారుకు తీసి, గింజలు తాలింపు పెడితే ఒక్క గ్లాసు ఉలవలతో రెండు వంటకాలు వస్తాయి.

ఈ పప్పుల దగ్గరే నేను ఒకసారి బాగా మోసపోయాను. పేరు చెప్పను గాని నగరంలో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో రెండు కొంటే ఒకటి ఉచితమన్న పెసరపప్పు పొట్లాలు చూసి ఆరు తెచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే అరకిలో అనుకున్న పొట్లం 400 గ్రాములు. ఉచితంగా వచ్చినవాటితో సహా మొత్తం తూచి లెక్కవేస్తే టోకు దుకాణంలో కిలోకు ఇచ్చే ధరకంటే నాలుగు రూపాయలు ఎక్కువే పడింది. గ్రాముకు ఎంత పడుతుందో పొట్లం మీద ముద్రించాలన్న నిబంధన ఉంది, ముద్రించారు కూడా, నేనే చూడలేదు. అప్పటి నుంచి ఏ పొట్లమైనా ముందు వెనక్కి తిప్పుతున్నాను. ఇలాంటి దుకాణాల్లో కూరగాయలు కూడా కొన్ని వారాంతాల్లో రైతు బజారుకంటే తక్కువకు దొరుకుతాయి, అది నిజమే. కాని ఆ చవక ఉల్లిపాయల దగ్గరకు చేరాలంటే బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్స్ వరుసలు దాటాలి. పిల్లలతో వెళ్ళి ఆ వరుసలు ఖాళీ చేతులతో దాటిన తల్లిని నేను ఇంతవరకు చూడలేదు.

బియ్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. మా రేషన్ కార్డులో ఐదుగురి పేర్లున్నాయి. మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోలు వస్తాయి, 2023 జనవరి నుంచి అవి ఉచితం. 2025 జూన్ నుంచి మళ్ళీ చౌక ధరల దుకాణంలోనే, నెలలో 1 నుంచి 15వ తేదీ లోపల తెచ్చుకుంటున్నాం. వీటిని అన్నానికి పనికిరావని తేలిగ్గా చూసేవారు చాలామంది. అట్లకు, ఇడ్లీ రవ్వకు, దిబ్బరొట్టెకు ఇంతకంటే మంచి బియ్యం అక్కరలేదు, గంజి వార్చి వండితే అన్నానికీ బాగానే ఉంటాయి. మిగతా అన్నానికి కావలసిన సన్న బియ్యం నెలకు 650 రూపాయలది బయట కొంటాం. అన్నట్టు, ఈ బియ్యంలో కాస్త రంగు తేడాగా ఉండే గింజలు కనిపిస్తే, మా అత్తయ్యలాగా ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేయవద్దు. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి గింజల్లాగా చేసినవి. మామూలు బియ్యం వందకు ఒకటి చొప్పున కలిపినవి. నెలరోజులు చాటలో ఏరిన తర్వాత గాని ఆవిడకు నేను ఈ మాట చెప్పలేకపోయాను, ఇప్పటికీ పూర్తిగా నమ్మారని అనుకోను.

ఏడాదికి ఒకేసారి కొనవలసినవి కొన్ని ఉంటాయి. చింతపండు ఎండాకాలంలో కొత్తది వచ్చినప్పుడే కొని, గింజ తీసి, ఉప్పు జల్లి జాడీలో దాచుకుంటే వానాకాలంలో నల్లబడినదానికి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన నగరంలోనే ఉంది, వాళ్ళ దుకాణాల్లో మన్యం చింతపండు, తేనె దొరుకుతాయి. పాడేరు పసుపు కొమ్ములు కొని ఆడించుకుంటే పొట్లాల పసుపు సగమే వేసినా సరిపోయేంత రంగు వస్తుంది. ఉదయం టిఫినుకు వారంలో రెండు రోజులు చోడి అంబలి, మజ్జిగతో. ఇది ఉత్తరాంధ్రలో తాతల నాటి తిండే గాని, ఈ మధ్య రాగి జావ అని పేరు మార్చుకుని పెద్ద హోటళ్ళలో కూడా కనిపిస్తోంది. మా పిల్లలకు ఆ పేరుతో చెబితేనే తాగుతున్నారు.

చేపలకు ఫిషింగ్ హార్బర్‌కు మించినది లేదు, అయితే అక్కడ వంజరం, చందువ వైపు చూడకూడదు. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, ఇవే మా బడ్జెట్ చేపలు. కవళ్ళ పులుసు మొదటి రోజుకంటే రెండో రోజు రుచి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, ఆ రెండు నెలలకు ఎండు నెత్తళ్ళు ముందుగానే తెచ్చి డబ్బాలో పెట్టుకుంటాం. వంకాయలో గుప్పెడు వేస్తే ఆ కూరకు వేరే ఏమీ అక్కరలేదు. కార్తీక మాసంలో నగరంలో సగం ఇళ్ళు నీచు మానేస్తాయి, అప్పుడు కూరగాయల ధర పెరిగి, కోడి మాంసం ధర దిగుతుంది. మేము కార్తీకంలో సోమవారాలు మాత్రమే పాటించి మిగతా రోజుల్లో కోడి తినడానికి కారణం నాస్తికత్వం కాదు, ఈ లెక్కే.

ఈ 8,000 లెక్క పూర్తిగా నిజాయితీగా ఉండాలంటే ఒక విషయం ఒప్పుకోవాలి. మా ఆయన మధ్యాహ్నం ఇంటికి రారు. ఆటో స్టాండుకు దగ్గరలో ఉన్న అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోంచేస్తారు. 2024 ఆగస్టులో ఇవి మళ్ళీ తెరిచే ముందు వరకు ఆయన బయట తినే భోజనానికి ఖర్చు దాదాపు కూరగాయలంత అయ్యేది. కాబట్టి మా ఐదుగురి లెక్క నిజానికి మధ్యాహ్నం పూట నలుగురి లెక్కే. ఇది చెప్పకుండా మా పొదుపు చూసి ఎవరైనా పోల్చుకుంటే వాళ్ళను తప్పుదారి పట్టించినట్టవుతుంది.

ఇక రైతు బజారులోని ఇబ్బందులు. వాన పడితే నడిచే దారిలో కుళ్ళిన ఆకులు, నీళ్ళు కలిసి జారుతుంది, పెద్దవారిని తీసుకువెళ్ళకండి. ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పదకొండు వరకు బండి నిలపడానికి చోటుండదు, లోపల ఒకరి సంచి మరొకరికి తగలకుండా నడవలేం. కొన్ని రోజులు బోర్డు మీద ధరలు ఉదయం ఏడు దాటేవరకు రాయరు, అప్పటిదాకా నిన్నటి ధరలే ఉంటాయి. ధర తగ్గిన రోజున తొందరపడి వెళ్ళినవారికి అది నష్టం. రాయని కూరలకు, అంటే పనసపొట్టు, వాక్కాయలు, పొన్నగంటి కూర లాంటివాటికి, అమ్మేవారు చెప్పినదే ధర. వాటికి మాత్రం బేరమాడక తప్పదు.

వారానికి రెండుసార్లు వెళ్ళగలిగి, ఏది చవకగా ఉంటే అది వండగలిగి, ఇంట్లోవాళ్ళు అది తినగలిగితే, రైతు బజారుకు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. జాబితా పట్టుకుని ఆదివారం పదిన్నరకు వెళ్ళేవారికి రెండున్నర. పప్పులకు, నూనెకు అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

వెళ్ళేవారు రెండు గట్టి గుడ్డ సంచులు, ఒక చిన్న సంచి విడిగా టమాటాలకు తీసుకువెళ్ళండి. చిల్లర కూడా. ఫోన్‌తో చెల్లించే స్టిక్కర్లు ఇరవై రకాల దుకాణాల్లో అన్నిటా ఉన్నాయి గాని, భీమిలి వైపు నుంచి వచ్చే మామ్మ దగ్గర లేదు. కిందటి గురువారం ఆమె దగ్గర ఐదు కట్టల చుక్కకూర తీసుకుని, చిల్లర లేక పది రూపాయలు బాకీ పెట్టి వచ్చాను. రేపు సాయంత్రం ముందు అది ఇచ్చి, ఆ తర్వాతే బోర్డు వైపు వెళ్ళాలి.